మిగిలినవన్నీ సాధారణం

జూన్ 9, సోమవారం

దీపం పెట్టి, లలిత చదువుకుని, ఎనిమిదింటికి ల్యాబ్‌కి బయల్దేరాను. పంజగుట్టలో మెట్రో దిగి నడిచే ఆ ఆరు నిమిషాలూ రోజూలాగే నామం చెప్పుకున్నాను.

పదకొండింటికి మేనేజర్ సురేందర్ గదిలోకి పిలిచాడు. బల్ల మీద పోయినేడు అక్టోబరు నాటి రిపోర్టు ఒకటి ఉంది. మూడు రోజుల పసిపిల్ల మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలు. థైరాయిడ్ అంకె 40.06. పక్కన పచ్చ అక్షరాల్లో 'సాధారణం'. కింద, సరిచూసినట్టు నా ముద్ర.

నలభై దాటితే అదే రోజు ఫోన్ చేసి పిలవాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పట్టిక నా కుర్చీ వెనక గోడ మీదే ఉంది.

ఆ పిల్లకి ఇప్పుడు ఎనిమిది నెలలు. మెడ సరిగా నిలపడం లేదట. పిల్లల డాక్టరు మళ్ళీ రక్తం తీయిస్తే బయటపడింది. మాత్ర మొదలుపెట్టారు. రోజుకొక చిన్న మాత్ర, నలిపి పట్టడమే. పుట్టిన పదిహేను రోజుల్లోపు మొదలుపెట్టి ఉంటే అందరు పిల్లల్లాగే పెరిగేది. ఆ మొదటి నెలల్లో ఎదగాల్సిన మెదడు ఇప్పుడు మాత్ర వేస్తే ఎదగదు. ఇది నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ముద్ర నాదేనన్నాను. కంప్యూటర్ రాసినదాన్ని నమ్మి వేశానన్నాను. ఆ రోజు నూట నలభై రిపోర్టులు. పచ్చగా వచ్చినవాటిలో అంకె చదవడం అప్పటికి నెల రోజులుగా మానేశాను.

ఆ కంప్యూటర్‌లో షరతులు రాసింది మా తమ్ముడు వంశీ. నేనే చెప్పి ఆ పని ఇప్పించాను.

అందరం క్షేమం.

జూన్ 10

నిన్న చివర ఆ మాట ఎలా రాశానో. చెయ్యే రాసేసింది. అమ్మ కార్డు ముక్క మీదైనా ఆ మాట లేకుండా ముగించేది కాదు. నాకూ అదే పట్టింది.

వంశీకి పొద్దున్నే చెప్పాను. లాప్‌టాప్ తెరిచాడు. అయిదు నిమిషాలు పట్టలేదు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"సందు ఉంది పెద్దక్కా" అన్నాడు.

పట్టికలో 20.1 నుంచి 40.0 వరకు మళ్ళీ పరీక్ష. 40.1 నుంచి వెంటనే ఫోన్. పాత మిషను చుక్క తర్వాత ఒక్క అంకే ఇచ్చేది, కాబట్టి 40.0 తర్వాత 40.1 తప్ప ఇంకేదీ రాదు. పోయినేడు ఆగస్టులో వచ్చిన కొత్త మిషను రెండంకెలు ఇస్తుంది. 40.06 నలభైలోపు కాదు. 40.1కి చేరలేదు. రెండు షరతులూ పట్టనిది మూడో వరసలో పడింది. మూడో వరస: మిగిలినవన్నీ సాధారణం.

ఆ పట్టిక అతనికి తెల్లకాగితం మీద నా చేత్తో రాసి ఇచ్చాను. గోడ మీద ఉన్నదే రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు.

వంశీకి నలభై ఆరు. అమీర్‌పేటలో పదిహేనేళ్ళు డేటాబేస్ పాఠం చెప్పాడు. పిల్లలు ఫోన్లలో నేర్చుకోవడం మొదలయ్యాక ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. ఆ తర్వాత మా ల్యాబ్ పనే అతనికి పెద్ద పని. నన్ను సంప్రదించకుండా ఒక్క వరస రాయలేదు.

జూన్ 12

విచారణ జరిగింది. ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరినీ ఒకేసారి పిలిచారు.

నన్ను ముద్ర గురించి అడిగారు. చెప్పాను. ఇలాంటి పొరపాటు ఎవరివల్లనైనా జరుగుతుందన్నారు. చూడకుండా ముద్ర వేయడం తప్పేనని నేనే రెండుసార్లు అన్నాను. వాళ్ళే నన్ను ఓదార్చారు.

వంశీని అడిగారు, మిగిలినవన్నీ సాధారణం అని పెట్టమని ఎవరు చెప్పారని.

"ఎవరూ చెప్పలేదండీ. నేనే అనుకున్నాను."

నా వైపు చూడలేదు.

నిజమే. నేనేమీ చెప్పలేదు.

ఆగస్టు నుంచి వచ్చిన రిపోర్టులన్నీ తిరిగి వెతికారు. ఆ సందులో పడ్డ పిల్లలు పదకొండు మంది దొరికారు. ఈ పాప పోను మిగతా పది మందిని పిలిచి చూశారు. పది మందీ బాగున్నారు.

వంశీని రేపటి నుంచి రావద్దన్నారు. వచ్చేటప్పుడు ఇద్దరం మెట్రోలో పక్కపక్కనే కూర్చున్నాం. నా వైపు చూడలేదు. ఇది ఇందాకే రాశాను.

అందరం క్షేమం.

జూన్ 13

జపం కుదరలేదు.

జూన్ 18, బుధవారం

వాళ్ళు వచ్చారు. తల్లి నిరోష, అత్తగారు కొమురమ్మ, పాప. పాప పేరు హైందవి. సిరిసిల్ల వాళ్ళు. భర్త మధురానగర్‌లో దర్జీ, ఆడవాళ్ళ జాకెట్లు కుడతాడట.

సురేందర్ వాళ్ళను నా దగ్గర కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు. పెద్దదాన్ని, నెమ్మదిగా మాట్లాడతానని.

పాప నా కేసి చూసింది. చూపు మెల్లగా వచ్చింది, వచ్చి అక్కడే ఉండిపోయింది. నాలుక కొంచెం బయటికి ఉంది. చేతిలో పెట్టిన గిలక్కాయ పట్టుకోలేదు.

నిరోషకి ఇరవై నాలుగు ఉంటాయేమో. ఏడవలేదు. పాప తలకింద చెయ్యి సర్దుతూనే చెప్పింది.

"మస్తు మంచి పిల్ల అనుకున్నమమ్మా. అస్సలు ఏడ్వకపోయేది. పాలు తాగేది, పండుకునేది. లేపి తాపాల్సి వచ్చేది. మా గల్లీల అందరు అనేటోళ్ళు, నీకేం ఫికర్ లేదు నిరోషా, దేవుడసొంటి పిల్ల పుట్టిందని."

కొమురమ్మ గోడ మీది పట్టిక చూస్తోంది. చదువు రాదనుకుంటాను. వేలితో గీతల వెంట పోయింది.

"గిది కంప్యూటర్ల రాసినోడు ఎవడు బిడ్డా? ఒక్కసారి మొకం చూస్త. కొట్ట, తిట్ట. చూస్త, గంతే."

ఆయన ఇప్పుడు ఇక్కడ లేరన్నాను. నా తమ్ముడని చెప్పలేదు. ఆమె అడగలేదు.

లేచేటప్పుడు నిరోష, పాప నడుస్తదా అమ్మా అని అడిగింది. అంతా మంచే జరుగుతుందమ్మా అన్నాను. ఎవరు ఏమడిగినా నా నోట వచ్చే మాట అదే. నిరోష నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

అందరం క్షేమం.

జూన్ 20

చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. అయినా ఆ చెయ్యి ఆ చెయ్యిలాగే ఉంది.

జులై 1, మంగళవారం

బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. దారులు మూసేస్తే అమీర్‌పేట నుంచి నడిచి వచ్చాను. జనం తోసుకుంటూ ఉంటే నడవాల్సిన పని లేకుండా నడిచినట్టుంది.

ఇంట్లో వంశీ కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలిపాడు. కలిపింది కలిపినట్టే ఉంది. పది రోజులుగా ఇదే వరస.

బల్ల మీద అతని చిత్తుకాగితాలన్నిటిలో అవే మూడు వరసలు. వెన్, వెన్, ఎల్స్. వెన్ అంటే ఇలా ఉంటే, ఎల్స్ అంటే ఏదీ కాకపోతే అని నాకు ఏనాడో తనే చెప్పాడు, పాఠం చెప్పడం ప్రాక్టీసు చేస్తూ. నేను వంటింట్లో పప్పు రుబ్బుతుంటే, గుమ్మంలో నిలబడి నాకు చెప్పేవాడు. నాకు అర్థమైతే క్లాసులో అందరికీ అర్థమవుతుందనేవాడు.

కాగితాలన్నీ ఏరి తీసేశాను. రేపటికి మళ్ళీ ఉంటాయి.

జులై 3

ఉన్నాయి.

జులై 9, బుధవారం

సగం పూట సెలవు పెట్టి అమీర్‌పేట వెళ్ళాను. కేదార్ అని వంశీ శిష్యుడు, ఇప్పుడు తనే క్లాసులు చెబుతున్నాడు. మూడో అంతస్తు. లిఫ్ట్ పనిచేయడం లేదు. మెట్టు మెట్టుకీ ఒక కోర్సు పేరు అతికించారు. బ్యాగులు తగిలించుకున్న పిల్లలు దారి ఇచ్చి, ఎవరి అమ్మగారో ఫీజు కట్టడానికి వచ్చారనుకున్నారు.

అంకెలను గదులుగా పంచే షరతులు, అంతవరకే నేర్చుకుంటానన్నాను. ఎందుకని అడగలేదు. సార్ అక్కగారినని కుర్చీ తుడిచి వేశాడు.

వంశీ తప్పు తప్పించగలిగినదా, ఎవరు రాసినా జరిగేదా. అది తెలుసుకుందామని వెళ్ళాను. మరెందుకూ కాదు.

కాగితం మీద పట్టిక వేసి, ఎవరో ఇలా రాశారన్నాను. కేదార్ చూసి నవ్వాడు.

"రెండు గదులకు మధ్య గోడ ఒక్కటే ఉండాలమ్మా. వీళ్ళు 40.0 దగ్గర ఒక గోడ, 40.1 దగ్గర ఇంకో గోడ కట్టారు. మధ్యలో సందు మిగిలింది. అందులో ఎవరు పడ్డా ఏ గదిలోవాళ్ళకీ కనబడరు."

నా చేతే టైపు చేయించాడు. పైనుంచి కిందికి రావాలట. ముందు ప్రమాదం. నలభైకి మించితే ఫోన్. అది కాక ఇరవైకి మించితే మళ్ళీ పరీక్ష. అది కాక సున్నా, ఆ పైన ఉంటే సాధారణం. కింది హద్దు రెండోసారి రాయకూడదు, పై వరస వదిలేసిందే కింది వరసకు వస్తుంది. ఖాళీగా వచ్చినా, పిచ్చి అంకె వచ్చినా, ఎందులోనూ పట్టనిది ఆఖరున ఎల్స్‌లోకి.

ఎల్స్ దగ్గర నా వేళ్ళు ఆగాయి. ఏం రాయమంటారన్నాను.

"చూడాలి, అని. వంశీ సార్ మాకు మొదటి రోజు చెప్పేది అదే. తెలియనిదాన్ని ఎప్పుడూ బాగుందని రాయొద్దు, చూడాలి అని రాయండి అనేవారు. మీ కాగితం రాసినవాడెవడో సార్ దగ్గర చదువుకుని ఉండడు."

"ఆయనే రాశారు" అన్నాను.

కేదార్ కాగితం తీసుకుని మళ్ళీ చదివాడు. చాలాసేపు చదివాడు.

"సార్ ఇలా రాయరమ్మా. ఆ విషయం బాగా తెలిసినవాళ్ళు, మిగిలినవన్నీ అంతే అని గట్టిగా చెబితే తప్ప."

పాఠం పూర్తిచేద్దామన్నాడు. ఏదైనా అంకె కొట్టి చూడమన్నాడు. 40.06 కొట్టాను. 'వెంటనే ఫోన్' అని వచ్చింది. కన్ను మూసి తెరిచేంత కూడా పట్టలేదు.

వచ్చేటప్పుడు వంకాయలు తెచ్చాను. లేతవి. వంశీకి ఇష్టం.

అందరం క్షేమం.

జులై 10

వంకాయ కూర మిగిలిపోయింది.

జులై 11

పోయినేడు శ్రావణంలో నేను జపంలో ఉండగా వంశీ ఒకసారి పూజగది గుమ్మంలోకి వచ్చినట్టు గుర్తు. ఏదో అడిగాడు. ఏమడిగాడో వినలేదు. జపంలో ఉన్నవాళ్ళకు చెవులు ఉండవు.

జులై 22, మంగళవారం

మధ్యాహ్నం రెండున్నరకు ల్యాబ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. అమీర్‌పేట మెట్రో స్టేషన్ నుంచి. వంశీ పది గంటల నుంచి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడట. బండి వస్తే తలుపు దాకా వెళ్ళేవాడట, ఆగిపోయేవాడట. సెక్యూరిటీ అమ్మాయి చూసి కూర్చోబెట్టి, ఫోన్ తీసుకుని నా నంబరు కొట్టింది. ఆ తల్లి పేరు అడగడం మరిచాను.

"ఏది ఎక్కాలో తేలలేదు పెద్దక్కా" అన్నాడు. మామూలుగానే అన్నాడు.

భానుశ్రీకి ఫోన్ చేశాను. మా ఇద్దరి మధ్య పుట్టింది తను, మాసబ్ ట్యాంక్‌లో ఆఫీసు. ఆటోలో వచ్చింది. ముగ్గురం ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వెళ్ళాం. కూరగాయలకు రైతుబజారుకి ఎన్నిసార్లు వెళ్ళానో ఆ రోడ్డున. ఎదురుగా ఆ గేటు వైపు ఎప్పుడూ చూడలేదు.

డాక్టరమ్మ వంశీ కంటే చిన్నది. నిద్ర, తిండి, మాట, అన్నీ అడిగింది. చేర్చుకుంటామంది. ఇంట్లో ఏమైనా జరిగిందా అని నన్ను అడిగింది. ఉద్యోగంలో ఇబ్బందన్నాను.

బయట భాను నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది.

"వాడు ఒప్పుకున్నాడు, అయిపోయింది. నువ్విప్పుడు మధ్యలోకి వెళ్ళి ఏదీ కెలకకు. నీకింకా రెండేళ్ళ సర్వీసుంది. నోరు మూసుకుని నీ జపం నువ్వు చేసుకో."

తనకు నేనేమీ చెప్పలేదు. చెప్పకుండానే ఎలా తెలిసిందో.

అందరం

జులై 23

నిన్న పూర్తిచేయలేదు. అందరం క్షేమం.

ఆగస్టు 8, శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం

కలశం పెట్టాను. తోరం నేనే కట్టుకున్నాను. కట్టేవాళ్ళు లేరు.

అమ్మవారి ముందు కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ ఇంకోలా రాయలేను.

విన్నాను.

పోయినేడు శ్రావణంలో ఆఖరి శుక్రవారం. పొద్దున ఏడు. జపమాలలో సగం కూడా కాలేదు. వంశీ లాప్‌టాప్ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తొమ్మిదికల్లా పంపాలి. "పెద్దక్కా, ఈ రెండు గదులూ పోను మిగిలినవన్నీ సాధారణమేగా? మామూలుగా చూడాలి అని పెడతాను. ఇక్కడ అవసరం లేదంటే సాధారణం అని పెట్టేస్తా." ప్రతి మాటా విన్నాను.

మా ఇంట్లో జపంలో ఉంటే మాట్లాడరు. అమ్మ నాటి నుంచీ సైగలే. అరచెయ్యి చూపిస్తే ఆగమని. తల ఊపితే సరేనని. ఆ సైగ మాటతో సమానం. అమ్మ తల ఊపిన దానికి నాన్న ఊరు దాటి వెళ్ళి వచ్చేవారు.

అరచెయ్యి చూపిస్తే అక్కడే నిలబడతాడు. నిలబడితే మనసు చెదురుతుంది. వెళ్ళిపోవాలని తల ఊపాను.

ఇంకోటి ఉంది. అంతకు నాలుగు రోజుల ముందు కొత్త మిషను బిగించినతను ట్రయల్ కాగితం తీసి నాకే చూపించాడు. మేడమ్, ఇక నుంచి రెండంకెలొస్తాయి అని. అందులో ఒకటి 20.04. ఆ అంకె మీద నా వేలు కూడా పెట్టాను. ఈ ఊళ్ళో ఆ రోజున ఆ రెండు సంగతులూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. పట్టికా నాకు తెలుసు, అంకే నాకు తెలుసు. వంశీకి ఒకటే తెలుసు, అదీ నేను రాసిచ్చింది.

అక్కడే ఉన్నాను. పూసలు తిప్పుతున్నాను. నూట ఎనిమిదీ పూర్తిచేశాను. లేచి కాఫీ కలిపాను. అతను పంపేశానన్నాడు. మంచిదన్నాను.

విచారణలో ఎవరూ చెప్పలేదన్నాడు. నేను నోరు తెరవలేదు కాబట్టి అబద్ధం కాకుండా సరిపోయింది. నాకోసం వెతికి పట్టుకున్న మాట అది. నేను ఆ మాట కిందే రెండు నెలలు కూర్చున్నాను.

హారతి ఇవ్వాలి.

ఆగస్టు 16, శనివారం

ఎర్రగడ్డ. వంశీ బెంచీ మీద కూర్చున్నాడు. గడ్డం తీశారు. నాన్నలా ఉన్నాడు.

చెప్పాను. విన్నానని. తల ఊపానని. రెండంకెల సంగతి ముందే తెలుసునని.

"తెలుసు" అన్నాడు.

"ఏది తెలుసు?"

"విన్నావని. నువ్వు వినకపోతే కళ్ళు తెరవవు. ఆ రోజు తెరిచావు."

పక్క బెంచీలో ఒకాయన ఉత్త చేతుల్లో పేకముక్కలు పంచుకుంటున్నాడు.

వెళ్ళి అందరికీ చెబుతానన్నాను. అతని ముఖంలో ఏదో తేలికపడుతుందని చూశాను. పడలేదు.

"పదిహేనేళ్ళు చెప్పిన పాఠం పెద్దక్కా. తల ఊపింది నువ్వే. తీసేసింది నా వేళ్ళే. అడగకుండా ఉండాల్సింది. ఎవరు ఊపినా తీయకుండా ఉండాల్సింది." తర్వాత, "నువ్వు చెప్పకు. ఇద్దరం పడితే ఇంట్లో దీపం ఎవరు పెడతారు?"

నేను చెబితే అతనికి సగం దిగుతుందనుకుని వెళ్ళాను. అతని దగ్గరున్నది అతని దగ్గరే ఉంది. నాది నాకు వేరే ఉంది.

ఆగస్టు 21

కాగితం మీద అంతా రాసి సురేందర్‌కి ఇచ్చాను. నిలబడే చదివాడు. తలుపు దగ్గరికి వేశాడు.

"అమ్మా, ఫైలు మూసేసినం. సాఫ్ట్‌వేర్ మార్చినం. మీ తమ్ముడు సంతకం పెట్టిండు. ఇప్పుడు గిది తెచ్చి, నేను తల ఊపిన అంటే యాడ రాయాలె? రిపోర్ట్‌ల దానికి ఖానా లేదు."

కొత్త ఖానా గీయమన్నాను.

"మీరు పూజలు చేసుకునేటోళ్ళు, జర మనసు మెత్తన మీకు. ఇంటికి పోయి రెస్ట్ తీసుకోండ్రి."

కాగితం సొరుగులో పెట్టాడు. చింపలేదు. చింపితే ఏదో ఒకటి అయినట్టుండేది.

ముద్ర తీసి అతని బల్ల మీద పెట్టాను. రేపటి నుంచి దాన్ని సుమశ్రీ వేస్తుంది. పోయిన నెల చేరింది. ప్రతి అంకె చదివి వెయ్యమ్మా అన్నాను. సరే మేడమ్ అని తల ఊపింది. నోటితో చెప్పమన్నాను. విచిత్రంగా చూసి, చెప్పింది.

సెప్టెంబరు 2

జపం చేస్తున్నాను. లెక్కపెట్టడం లేదు.

సెప్టెంబరు 10

వంశీని ఇంటికి పంపించారు. మందుల సంచి, కాగితం. మళ్ళీ పదిహేను రోజులకు రమ్మన్నారు. బాగున్నాడా అని డాక్టరమ్మను అడిగాను. కొంత అంది. భాను స్వీటు తెచ్చింది.

సెప్టెంబరు 14, ఆదివారం

మధురానగర్ వెళ్ళాను. అడ్రసు నా రిజిస్టరులోనే ఉంది, పోయినేడు అక్టోబరు పేజీలో. ఆ రోజు ఫోన్ చేసి ఉంటే దాని పక్కనున్న నంబరుకే చేసేదాన్ని.

కింద కుట్టు మిషను చప్పుడు, పైన ఒక గది. పాపను దిండ్ల మధ్య కూర్చోబెట్టారు. పదకొండు నెలలు నిండాయి. దిండు తీస్తే ఒరిగిపోతోంది. అయితే మెడ నిలిచింది. నవ్వుతోంది కూడా. మనం నవ్విన కాసేపటికి నవ్వుతోంది.

కొమురమ్మ చాయ్ పెట్టింది. చెప్పేదాకా తాగనన్నాను. ఇద్దరూ కూర్చున్నారు.

కంప్యూటర్‌లో రాసింది నా తమ్ముడన్నాను. అడిగింది నన్నేనన్నాను. తల ఊపానన్నాను. జపంలో ఉన్నాను అనే మాట వదిలేద్దామనుకున్నాను, సాకులా ఉంటుందని. అదీ చెప్పాను. ఏ అమ్మవారి జపమో కూడా కొమురమ్మ అడిగింది. చెప్పాను.



నిరోష లేచి బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో రిపోర్టు. మడతలు పడకుండా దాచింది. మూల పసుపు, కుంకుమ బొట్టు.

"గీ కాగితం వచ్చిన దినం ఎల్లమ్మ కాడికి పోయినమమ్మా. అంతా నార్మల్ వచ్చిందని. ఒడిబియ్యం పోసి, కాగితం అమ్మ కాళ్ళ కాడ పెట్టిచ్చి తెచ్చుకున్న."

పచ్చ అక్షరాల మీద కుంకుమ కొంచెం చెదిరింది.

కొమురమ్మ నా ముఖం చూసింది. జూన్‌లో చూస్తానన్న ముఖం ఇదే కదా. చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. చల్లారిన చాయ్ గ్లాసు తీసుకెళ్ళి పారబోసింది. వేరే పెట్టలేదు.

మెట్ల దాకా నిరోష వచ్చింది, పాపను భుజాన వేసుకుని.

"అప్పుడు సుత మిమ్ములనే అడిగిన. మళ్ళ అడుగుత. నడుస్తదా?"

అంతా మంచే జరుగుతుందన్న మాట నోటి దాకా వచ్చింది. నా నోరు దానికి అలవాటుపడిన నోరు.

"తెలియదమ్మా" అన్నాను.

నిరోష మొదటిసారి ఏడ్చింది. పాప తల్లి ముఖం చూస్తూనే ఉంది. ఏడవాలా అన్నది ఇంకా తేలనట్టు.

సెప్టెంబరు 15, సోమవారం

దీపం పెట్టాను.

వంశీ లేచాడు. కాఫీ ఇచ్చాను. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. ఏం చూస్తున్నావంటే ఏమీ లేదన్నాడు. బల్ల మీద కాగితం ఉంది. తిరగేసి చూశాను. ఖాళీగానే ఉంది. ఖాళీగా ఉండటం మంచిదో కాదో.

జపంలో ఉండగా గుమ్మంలోకి వచ్చాడు. అరచెయ్యి ఎత్తలేదు. తల ఊపలేదు. మాల కింద పెట్టి, ఏంటి వంశీ అన్నాను. అమ్మ నాటి నుంచీ ఈ ఇంట్లో జపం చేసేవాళ్ళ నోట మధ్యలో మాట రావడం ఇదే మొదలు. అతను ఒక్క క్షణం నిలబడి, ఏం లేదు పెద్దక్కా అని వెళ్ళిపోయాడు. ఏం అడగాలని వచ్చాడో.

పేజీ చివరికి వచ్చాను. చెయ్యి పాత మాట మీదకు పోయింది. ఆపాను.

వంశీ. తెలియదు.

హైందవి. తెలియదు.

చూడాలి.